పొద్దుపలక

కుర్రాడు చచ్చిపోయిన సంగతి మీటింగులో చిట్టచివర వచ్చింది. దానికి ముందు, పలకలు పెట్టుకోవడానికి పిల్లలకిచ్చే సంచులు నీలంరంగువి కుట్టించాలా, పసుపువా అన్నదాని మీద గంట వాదన నడిచింది. సూర్యుడికి పసుపే నప్పుతుందని డైరెక్టర్ విశ్వేశ్వర్ తేల్చాక అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. కాఫీలు వచ్చాయి. వాటి వెనకే జీడిపప్పు పకోడీ వచ్చింది. అప్పుడాయన ప్లేటు దగ్గరికి లాక్కుంటూ, "ఆఁ, మరిచేపోయాను. మర్రిగొందిలో చిన్న ఇబ్బంది జరిగింది," అన్నాడు.

ఆ చిన్న ఇబ్బంది పేరు బొంజుబాబు. వయసు నాలుగేళ్ళు.

"ఏదో అడవిదుంప తిన్నాట్ట. వాళ్ళ తిండీ తిప్పలూ మనకేం తెలుస్తాయి?" అన్నాడాయన నములుతూనే. "అయితే అలా వండమని మన పలకే చెప్పిందని ఊళ్ళో అనుకుంటున్నారట. స్రవంతీ, గొంతులు నీ విభాగమే కదా. ఓసారి వెళ్ళి చూసిరా. వచ్చేనెల దాతలు వస్తున్నారు. ఈలోగా సద్దుమణిగిపోవాలి."

స్రవంతి నోట్లోని పకోడీని కాగితం రుమాల్లోకి ఉమ్మేసింది. ఎవరూ చూడలేదు. చూసినా పంటికింద రాయి పడిందనుకునేవారు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ అద్దాల మేడ పేరు దివిటీ పరిశోధనశాల. నెట్టూ, టవరూ, కరెంటూ ఏదీ ఎక్కని కొండ ఊళ్ళ పిల్లలకోసం వాళ్ళు పొద్దుపలక తయారుచేశారు. ముందువైపు తెర, వీపున సూర్యఫలకం. ఎండ తగిలితే లేస్తుంది. పిల్లను పేరుపెట్టి పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెబుతుంది. ఎండా, పిల్ల చూపూ రెండూ తన మీద లేకపోతే రాత్రయిందనుకుని నిద్రపోతుంది. ఆపే మీట పెట్టలేదు. పెడితే పిల్లలు ఆపేస్తారని విశ్వేశ్వర్ ముందుచూపు.

మొదట్లో పలక రేడియో వార్తల గొంతుతో మాట్లాడేది. పిల్లలు మొహం తిప్పుకునేవారు. అప్పుడు స్రవంతి దానికి చెవులిచ్చింది. పిల్ల ఎవరు పిలిస్తే పరుగెత్తుకెళుతుందో పలక వింటుంది, ఆ గొంతు పట్టుకుంటుంది, ఆ గొంతుతో, ఆ యాసలోనే పాఠం చెబుతుంది. పిల్ల చూస్తే ఆ పద్ధతి ఉంచుకుంటుంది. పిల్ల చూపు తిప్పుకుంటే పారేస్తుంది. నేర్చుకున్నదాన్ని మిగతా పలకలకు చెప్పడానికి నెట్టు లేదు కదా, దానికీ ఆమే ఉపాయం ఆలోచించింది. వారానికోసారి పాలగెడ్డ సంతకు కొండల్లోని ఊళ్ళన్నీ దిగుతాయి. పిల్లలు పలకలు సంచుల్లో వేసుకుని తల్లుల వెంట వస్తారు. పలకలు పక్కపక్కకు రాగానే, తల్లులు ఉప్పూ చేపా బేరమాడుతుంటే, ఇవి నిద్రలోనే పాఠాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఈ ఊహకు స్రవంతికి ఢిల్లీలో బహుమతి వచ్చింది. ఆ రోజు కట్టుకున్న పట్టుచీర ఫొటో ఇంకా ఆమె బల్ల మీదే ఉంది.

*

మర్రిగొందికి జీపు గెడ్డ దాకానే, అంటే కొండవాగు దాకానే వెళ్ళింది. అక్కణ్ణుంచి నడక. ఊరంటే కొండ కడుపులో ఒదిగిన గుప్పెడు ఇళ్ళు. ప్రతి ఇంటిముందూ ఒక ఆనపపాదు పందిరి, దాని మీద ఎండకు బోర్లించిన ఒక పొద్దుపలక.

బొంజుబాబు నాయనమ్మ కొండమ్మ అరుగు అలుకుతోంది. పేడా ఎర్రమన్నూ కలిపిన బురదలో చెయ్యి మోచేతిదాకా ముంచి, ఆ చెయ్యి చూపించి "రాయే తల్లీ, కూకో. తడి లేని కాడ కూకో," అంది. ఆ వాసనకు స్రవంతి కాస్త వెనక్కి జరిగింది. జరిగినందుకు సిగ్గుపడింది కానీ మళ్ళీ ముందుకు మాత్రం జరగలేదు.

లోపల గుమ్మం పక్కన ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండదు. ఆమే చిలకమ్మ, పోయిన పిల్లవాడి తల్లి. స్రవంతి నమస్కారం పెడితే తల ఊపింది తప్ప పెదవి విప్పలేదు.

"అది మాటాడదు," అంది కొండమ్మ. "బొంజుగాడు పోయిన కాణ్ణుంచీ మాట మానీసినాది. అది నోరిప్పితే ఇదిగో, ఈ గుంట సెవులు మూసీసుకుంటాది."

పెరటి గుమ్మంలో పదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పేరు రాజులమ్మ, బొంజుబాబు అక్క. దుంప అదీ తింది. బతికింది. బతికిందే గానీ కళ్ళు మనుషుల మీద నిలవడం లేదు.

జరిగింది కొండమ్మే చెప్పింది. అలకడం ఆపకుండా చెప్పింది, ఆపితే ఏడుస్తానని భయమేమో.

వానలు పడ్డాక ఇళ్ళలో గింజలు అయిపోతాయి. అప్పుడు అడవిలో చేదుదుంప తవ్వుతారు. పచ్చిది విషం. పలచగా తరిగి, గంపలో పోసి, గంపను గెడ్డలో పారేనీటికి కట్టేస్తారు. చేదంతా నీళ్ళలో పోయాకే పొయ్యెక్కాలి. ఆ సంగతి ఆ ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలుసు. రాజులమ్మకూ తెలుసు.

"మూడ్రోజులు నాననియ్యాలమ్మా. సిలకమ్మా నానూ గంప కట్టీసి పోడుకెల్లిపోనాం. గుంట ఇంటికాడ తమ్ముణ్ణి సూసుకుంతంది. అమ్మ కేకేసిందట. 'ఒలే రాజులమ్మా! కోసినాక ముక్కలు నీళ్ళల్లో ఎట్టకూడదే! సారవంతా పోతాది! తీసీ, తీసీసి ఎసట్లో ఎయ్యి!' అని. ఎల్లి గంప తీసీసినాది."

"కేకేసింది పలక కదా? పక్కన పందిరి మీదే ఉంది కదా?" అంది స్రవంతి. అనేశాక తన నాలుక కోసుకోవాలనిపించింది.

కొండమ్మ చెయ్యి ఆగింది.

"మాకలవాటే తల్లీ. ఈ కొండ మీంచి ఆ కొండకి కేకేత్తాం. పొయ్యిమీద గంజి దించమని, మేకల్ని మళ్ళెయ్యమని. పిల్లలు ఇనుకుంటారు. కేకెటు కాణ్ణుంచి వొచ్చినాదో ఎతుక్కుంటారేటి? కన్నతల్లి గొంతింటే సాలదా? మీ ఊళ్ళో పిల్లలు తల్లి పిలిత్తే, నువ్వు మా అమ్మవేనా అని అడుగుతారేటమ్మా?"

స్రవంతి చదివిన చదువుల్లో ఆ ప్రశ్న ఎక్కడా రాలేదు.

గుమ్మంలోంచి రాజులమ్మ ఎవరితోనో కాదన్నట్టు అంది: "ముందల తమ్ముడికెట్టినాను. ఆడికి ఆకలి."

లోపల చిలకమ్మ మొహం మోకాళ్ళలో దాచుకుంది.

పందిరి మీది పలకను స్రవంతి కిందికి దించి దాని జ్ఞాపకాలు తెరిచి చూసింది. కూరగాయలు కోశాక కడగరాదు, ఉడికిన నీళ్ళు పారబోయరాదు, పోషకాలు పోతాయి. అది నాలుగో తరగతి పాఠమే. వంకాయకూ బీరకాయకూ సంబంధించినంతవరకూ అక్షరాలా నిజమే. చేదుదుంప గురించి ఆ పాఠం రాసినవాళ్ళకు తెలియదు, పలకకు అసలే తెలియదు. ఆ పాఠం పక్కన పలక తనకు తాను వేసుకున్న మార్కులు ఉన్నాయి. పిల్ల విన్నది, లేచింది, చెప్పింది చెప్పినట్టు చేసింది. నూటికి నూరు. ఇంత గొప్పగా పనిచేసిన పాఠం ఇంతకు ముందు లేదని తేల్చుకుని, పలక దాన్ని మరుసటి సంతలో కనబడ్డ పలకకల్లా పంచిపెట్టింది. గొంతుతో సహా.

అంటే ఇప్పుడు కొండల్లోని ప్రతి ఊళ్ళోనూ, ప్రతి పందిరి మీదా, చిలకమ్మ గొంతు ఆ మాటే చెబుతోంది. వానలు ఇంకా ఉన్నాయి. గింజలు అన్ని ఊళ్ళలోనూ నిండుకుంటున్నాయి. గంపలు అన్ని గెడ్డల్లోనూ నానుతున్నాయి.

*

"పలకలన్నీ వెనక్కి తెచ్చేద్దాం సార్. వెంటనే," అంది ఆమె.

విశ్వేశ్వర్ చెడ్డవాడిలా కనిపించే మనిషి కాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ భుజం మీద చెయ్యివేస్తాడు, ప్యూనుకు కూడా థాంక్స్ చెబుతాడు. అందుకే ఆయన మాటలు విన్నాక చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది గానీ ఎందుకో వెంటనే తెలియదు.

"దాతలొచ్చే ముందు వెనక్కి తెస్తే ఏమనుకుంటారమ్మా? తప్పు జరిగిందనుకోరూ? అయినా కొండకొండా ఎక్కి ఎవరు తెస్తారు, ఈ వానల్లో? నీ ఉపాయమే ఉందిగా. తప్పు సంతలో పాకింది. ఒప్పూ సంతలోనే పాకుతుంది. 'దుంపలు నానబెట్టండి' అని ఒక మాట ఎక్కించు, అయిపోయె."

"ఏ గొంతుతో?"

"ఆ తల్లి గొంతే. ఇంకో గొంతైతే పలకలు తోసేస్తాయని నీకు తెలీదా? ఆవిణ్ణి అడగనక్కర్లేదు కూడా. గొంతు మన దగ్గరే ఉంది కదా." గ్రాఫు తెర మీద వేసి మురిసిపోయాడు. "చూడు, ఒక్క మనిషి గొంతు అన్ని ఊళ్ళూ ఎలా గెలిచిందో! ఇలాంటి టీచరు నూటికో కోటికో దొరుకుతుంది. పాపం, ఆ పిల్లాడి సంగతి పక్కన పెడితే, ఇది మనకు పెద్ద విజయం."

పక్కన పెడితే! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న మాట ఊరికే పుట్టలేదు. ఒక్క సంగతి దగ్గర మాత్రం స్రవంతి పట్టుబట్టింది. ఆ గొంతును మరోసారి దొంగిలించేది లేదు. చిలకమ్మను అడగాలి, ఆమె ఒప్పుకోవాలి, ఆమె నోటితోనే చెప్పాలి. అది న్యాయమని ఆమె నమ్మింది. ఆ మాత్రం న్యాయం చేశానన్న తృప్తితో ఆ రాత్రి కాస్త నిద్రపోయింది కూడా.

కొండమ్మను తోడు పెట్టుకుని చిలకమ్మ జీపులో వచ్చింది. అద్దాల మేడలో ఆమెకు బిస్కెట్లిచ్చారు, ఒక చీర పెట్టారు, చీరతో ఫొటో తీశారు. తర్వాత గొంతులు పట్టే గదిలోకి తీసుకెళ్ళారు. గోడలకు మెత్తటి దిళ్ళు, తలుపు వేస్తే చీమ చప్పుడు ఉండదు. చిలకమ్మ గోడలను చేత్తో తడిమి చూసింది. కొండ లేని చోట, ఎదురు కొండనుంచి మాట తిరిగిరాని చోట ఎవరినైనా ఎలా పిలుస్తారని కాబోలు.

స్రవంతి ఆమె ఎదురుగా నేలమీదే కూర్చుంది. జరిగినదీ, ఇంకా జరగబోయేదీ దాచకుండా చెప్పింది. మిగతా ఊళ్ళ పిల్లల సంగతి చెప్పింది. బొంజుబాబు పోయిన నెలన్నర తర్వాత చిలకమ్మ నోటినుంచి మొదటి మాట వచ్చింది. అరిగిపోయిన గొంతు.

"నాను సెప్తే గుంటలు సావరా?"

"చావరమ్మా."

"నిజంగా?"

"నిజంగా. నా మాట నమ్ము."

నమ్మింది. పాపం, ఆమె మనుషుల మాట నమ్మే జాతి.

మైకు ముందు నిలబడి చిలకమ్మ గొంతెత్తింది. "ఒలే గుంటల్లారా! నాను సెప్పిన మాట తప్పే! సేదుదుంప గెడ్డలోంచి తియ్యకండే! మూడ్రోజులుండాలే! అమ్మొచ్చినాకే వొండండే! నా బొంజుగాడు..." అక్కడితో మాట తెగిపోయింది. తర్వాత వచ్చింది ఏడుపు. అది పట్నం ఏడుపు కాదు. ఈ కొండనుంచి ఆ కొండకు వినబడేలా, పోయినవాడిని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చే ఏడుపు. దిళ్ళ గోడలు ఆ ఏడుపును మింగుతుంటే ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

అద్దం అవతల టెక్నీషియన్ చెయ్యి మీట మీదికి వెళ్ళింది. విశ్వేశ్వర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు. ఏడుపు కూడా ఉండనీ. దాన్లో ఎంత నిజాయితీ ఉందో చూడు."

స్రవంతి వద్దనవచ్చు. అనలేదు. ఏడుపు వింటే పిల్లలు ఆ మాట మరిచిపోరు, నాలుగు ప్రాణాలు నిలుస్తాయి అని సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవడం విశ్వేశ్వర్ దగ్గరే నేర్చుకుంది.

*

దాతల విందు సముద్రం కనిపించే హాల్లో జరిగింది. రొయ్యల వేపుడు, బొంగులో చికెను. గిరిజనుల వంటకమని దాని ముందు చిన్న బోర్డు కూడా పెట్టారు. విశ్వేశ్వర్ మైకు తీసుకున్నాడు. కిందటి వారం పాలగెడ్డ సంతకు మనిషిని పంపి కొన్ని పలకల జ్ఞాపకాలు తెప్పించానన్నాడు.

"పొద్దున పలక పిలిస్తే పిల్లలు ఎంత తొందరగా వస్తున్నారో చూడండి. ఇదివరకటి మీద సగం సమయమే పడుతోంది. నేర్చుకోవాలన్న ఈ ఆత్రం మీరు ఏ పట్నం బడిలో చూశారు? ఆ పిలుపు ఏమిటో మీరే వినండి."

హాలంతా స్పీకర్లు. స్పీకర్లలోంచి చిలకమ్మ ఏడుపు వచ్చింది.

సంతలో పలకలకు ఎక్కించి పంపిన మాటలు లేవు. దుంపా లేదు, గెడ్డా లేదు, మూడు రోజులూ లేవు. పలకలు ఎంచుకున్నాయి. మాటలు చెబుతున్నప్పుడు పిల్లలు చూపు తిప్పుకున్నారు, కాబట్టి మాటలు పారేశాయి. ఏడుపు వచ్చినప్పుడు మాత్రం పిల్లలు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు. అమ్మ ఏడుస్తుంటే ఏ పిల్ల పరుగెత్తదు? కాబట్టి ఏడుపు ఉంచుకున్నాయి. ఉంచుకుని, పాఠానికి పిలిచే గంట చేసుకున్నాయి.

ఒక దాత భార్య రుమాలుతో కళ్ళొత్తుకుంది. "ఎంత హృద్యంగా ఉందో! జానపదమా?" అని అడిగింది. విశ్వేశ్వర్ అవునన్నట్టూ కాదన్నట్టూ నవ్వాడు. చప్పట్లు కొట్టారు. ఆ చేతులతోనే మళ్ళీ బొంగులో చికెను తీసుకున్నారు.

స్రవంతి బాత్రూములోకి పరుగెత్తి, తిన్నదంతా కక్కేసింది. కక్కాక నోరు కడుక్కుంటుంటే అసలు ప్రశ్న తట్టింది. ఏడుపుతో పిలుస్తున్నాయి సరే, పిలిచి ఏ పాఠం చెబుతున్నాయి?

హాల్లోకి తిరిగివెళ్ళి విశ్వేశ్వర్ చెవిలో ఆ మాటే అడిగింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యివేశాడు. "ఇప్పుడా? స్వీట్లు రాలేదింకా," అన్నాడు.

ఆమె ఆ చెయ్యి తీసి పక్కకు నెట్టి, ఘాట్ ఎక్కే ఆఖరి బస్సుకోసం బయల్దేరింది.

*

పాలగెడ్డ బస్టాండు బెంచీ మీద రాత్రి గడిచింది. చీకటి పల్చబడుతుండగా నడక మొదలుపెట్టి, ఎండ మొహం చూపేసరికి ఆమె మర్రిగొంది గెడ్డ దాటుతోంది. రాళ్ళ నడుమ ఒక గంప కట్టి ఉంది. లోపల తెల్లటి దుంపముక్కలు నీటికి కదులుతున్నాయి.

ముందు పై ఇళ్ళకు ఎండ తగిలింది. అక్కడి పలక లేచి ఏడ్చింది. తర్వాత దాని కింది ఇల్లు, ఆ తర్వాత ఇంకొకటి. ఎండ కొండ దిగుతున్నకొద్దీ పందిరి తర్వాత పందిరి చిలకమ్మ గొంతుతో గొల్లుమంది. ఎదురు కొండ ఆ ఏడుపును తిప్పికొట్టింది. అవతల ఊరి పలకలు కాబోలు, దూరంనుంచి అవీ అందుకున్నాయి. ఊరి పిల్లలు కళ్ళు నులుముకుంటూ ఇళ్ళలోంచి పరుగెత్తుకొస్తున్నారు.

ఏడుపు ఆగింది. వెంటనే, అదే గొంతు, ఈసారి హుషారుగా:

"కోసినాక ముక్కలు నీళ్ళల్లో ఎట్టకూడదే! సారవంతా పోతాది! తీసీ, తీసీసి ఎసట్లో ఎయ్యి!"

నూటికి నూరు తెచ్చుకున్న పాఠం మరి. దాన్ని పలకలు వదులుకోలేదు.

చిలకమ్మ ఇంటి అరుగు మీద నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే ఆమె ఇలాగే నిలబడి తన ఏడుపు తనే వింటోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. స్రవంతిని చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"సావరన్నావు," అంది.

అంతే. స్రవంతి ఆమె కాళ్ళ మీద పడబోయింది. కొండమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "కాళ్ళట్టుకుంటే ఏటొత్తాది? ముందల ఆ పలక నోరు మూయించు. పిల్లలు ఇంటన్నారు."

"మీట లేదు పెద్దమ్మా. పెట్టలేదు. ఎండ తగిలినంతసేపూ ఇలాగే ఉంటుంది. లోపల పెట్టెలో పెట్టండి, దుప్పటి కప్పండి..."

"గుంటలు మళ్ళీ తీసీస్తారు. అమ్మేడుత్తంటే పెట్టెలో ఎట్టుకుని ఊరుకుంటారేటి? మావోళ్ళు రాళ్ళెట్టి కొట్టినారు గూడా. పగల్లేదు."

పగలదు. కొండల్లో పడేసినా పగలకూడదని గట్టి అద్దం వేశారు. దానికీ ఒక బహుమతి వచ్చింది.

"ఎండ తగలకపోతే ఆగిపోతాదా?"

అడిగింది రాజులమ్మ. పెరటి గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని ఉంది. చెవులు మూసుకున్నా అన్నీ వింటోంది.

"ఆగిపోతుంది. వీపు మీద ఎండ పడకపోతే, ఎవరూ దాన్ని చూడకపోతే, రాత్రనుకుని నిద్రపోతుంది."

పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది. అరుగు పక్కన అలకడానికి తెచ్చిపెట్టిన పేడ ఉంది, పచ్చిది, ఇంకా వెచ్చగానే ఉంది. రెండు దోసిళ్ళు తట్టలోకెత్తి చంకన పెట్టుకుంది. పందిరి గుంజ ఎక్కి, పలక వీపు మీద ఫెడీమని వేసి, అరచేత్తో అంచులదాకా మెత్తింది. అరుగు అలికినంత శ్రద్ధగా, ఎక్కడా నల్ల అద్దం కనబడకుండా అలికింది.

పలక ఇంకో రెండు మాటలు అని, మధ్యలో ఆగిపోయింది.

పేడకు పెట్టె అక్కర్లేదు, దుప్పటి అక్కర్లేదు. ఎండ తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఊరికి కొత్త కాదు, ఖర్చూ లేదు. ఏ బహుమతులు తెచ్చుకున్నవాళ్ళకూ ఇది తట్టలేదు. పక్కింటి ఆడవాళ్ళు చూస్తున్నారు. ఒకామె ఏమీ మాట్లాడకుండా తన ఇంటి వెనక్కి వెళ్ళి పేడగంపెత్తుకుని వచ్చింది.

పై ఇంటి పలక ఇంకా ఏడుస్తోంది. స్రవంతి వంగి పేడలో చెయ్యి పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి కారింది, మణికట్టు మీది గడియారంలోకి దూరింది. అసహ్యం వేస్తుందేమోనని ఎదురుచూసింది. వెయ్యలేదు. నిన్న ఆ హాల్లో చప్పట్లు కొట్టిన చేతులు గుర్తొచ్చాయి. వాటికంటే ఇది శుభ్రంగా ఉంది. పై ఇంటిదాకా ఎక్కి, తన చేత్తో, తను చెవులిచ్చిన ఆ పలక వీపు మీద మెత్తింది. తర్వాత దాని పక్క ఇల్లు. తర్వాత ఇంకొకటి. ఇంటింటికీ ఏడుపు తగ్గుతూ వచ్చి, ఊళ్ళో చివరికి గెడ్డ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఎదురు కొండ మీద మాత్రం ఇంకా సన్నగా వినబడుతోంది.

"ఎల్లుండి సంత," అంది కొండమ్మ చేతులు దులుపుకుంటూ. "పిల్లల సంచుల్లో ఆటిని తేనియ్యం. నోటితో మేవే సెప్పుకుంటాం. ఆ ఊరోళ్ళకి, ఈ ఊరోళ్ళకి. పేడకి కరువేటి?"

"నేనూ వస్తాను పెద్దమ్మా. మా వాళ్ళు నన్నింక రానివ్వరు కూడా."

"రా. ఎవులొద్దన్నారు?"

స్రవంతి ఫోను జేబులోంచి తీసి చూసింది. ఇక్కడ టవరు లేదు. విశ్వేశ్వర్ ఎన్నిసార్లు పిలిచినా ఆయన గొంతు ఈ కొండ ఎక్కలేదు. ఆ ఒక్కటే ఆ పూటకు మిగిలిన సుఖం.

రాజులమ్మ పందిరి దిగి అరుగు దగ్గర నిలబడింది. మోచేతులదాకా పేడ. చిలకమ్మ కూతురిని చూసింది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"సేతులు కడుక్కోయే. గంజి తాగుదువు," అంది.

పిల్ల చెవులు మూసుకోలేదు. కానీ వెంటనే కదలనూ లేదు. ముందు పందిరి మీది పలకను చూసింది, పేడ కదిలిందేమోనని. పక్కింటి పందిరి చూసింది. తర్వాత వచ్చి తల్లి ఎదురుగా నిలబడి, ఆమె పెదవులకేసి చూస్తూ అడిగింది:

"మళ్ళీ సెప్పు."

"సేతులు కడుక్కోయే," అంది చిలకమ్మ.

పెదవులు కదిలాయి. అప్పుడు పిల్ల గెడ్డకేసి నడిచింది.